కోయని పేజీలు

పంతొమ్మిదేళ్లు నాకు. అప్పటికి నలభై పేజీలు చదివాను.
పోర్తో నగరం నుంచి సైన్యం లారీ ఎక్కి
పదకొండు మందిమి కొండల్లోకి బయల్దేరాం.
డెబ్బై ఐదు, జూలై.
మా దేశంలో నియంతృత్వం కూలి పదిహేను నెలలు.
మా గడ్డాల వయసు అంతకన్నా తక్కువ.

లారీలో ఒక సినిమా యంత్రం, మూడు కట్టల కరపత్రాలు,
ఒక మందుల పెట్టె
(దాన్లో దూది తప్ప ఏమీ లేదని తర్వాత తెలిసింది),
అందరికీ సరిపడా సమాధానాలు.
ప్రశ్నలు అక్కడ దొరుకుతాయనుకున్నాం.

ఊరికి కరెంటు లేదు.
సినిమా యంత్రం పెట్టెను చర్చి మెట్ల మీద బోర్లించి
దాని మీద నిలబడి మాట్లాడాను నేను.
ఎన్ని మాటలు! గుక్క తిప్పుకోకుండా.
ఉమ్మడి అన్నాను. ఉమ్మడి ఆస్తి అన్నాను.
మీరింకా చూడని రోజు అన్నాను.
ముసలివాళ్లు టోపీలు తీసి విన్నారు,
ఫాదర్ ముందు తీసినట్టే.
అది నాకు ఒప్పుకోలులా కనిపించింది.
"ఇంకా గట్టిగా" అని గొణిగింది వెనకనుంచి లియొనిల్డ్.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడు.
ఎండ నడినెత్తి మీదికొచ్చింది, పశువులు నీళ్లకు అరుస్తున్నాయి,
నేనింకా రెండో అధ్యాయంలోనే ఉన్నాను.

చివరికి ఒకాయన లేచాడు.
"బాబూ, ఆంబోతును నీళ్లకు తోలాలి. ఇవాళ మా వంతు."
ఎవరి ఆంబోతు? అడిగాను, నోటుపుస్తకం తీస్తూ,
భూస్వామి పేరు రాసుకుందామని.
"ఊరిది."
మరి ఆ రాతి పొయ్యి?
"ఊరిదే."
ఆ పచ్చిక? ఆ తిరగలి?
నాకేసి జాలిగా చూశాడు,
ఎండదెబ్బ తగిలిన పిల్లాణ్ణి చూసినట్టు.
నోటుపుస్తకంలో ఆ పేజీ ఇప్పటికీ ఖాళీ.

రాత్రికి నా మకాం ఫెలిస్మీనా ఇంట్లో.
కింద ఆవులు, పైన మనుషులు, నడుమ సందుల చెక్క.
చదువు రాదామెకు. నా పుస్తకం చేతిలోకి తీసుకుని
బట్ట నేత చూసే మనిషిలా అంచు వెంట వేలు పోనిచ్చింది.
ఒకచోట వేలు ఆగింది.

ఆ రోజుల్లో మా పుస్తకాలు మడతలు విప్పకుండానే అమ్మేవారు.
చదివేవాడే కత్తితో కోసుకుంటూ పోవాలి.

"ఇక్కణ్ణించి కోయలేదే" అంది.

ముఖ్యమైనదంతా ముందే ఉంటుందన్నాను.
"రొట్టె కూడా అంతే," అంది, "పైపెంకే ముందు ఎర్రబడుతుంది."
రొట్టె కత్తిని కొంగుకు తుడిచి
ఒక్కో మడతా కోయడం మొదలుపెట్టింది, చేప పొట్ట చీల్చినట్టు.
"చదువు. తర్వాతేముందో నాకూ వినాలనుంది."

చదివాను. అర్థం కానిచోట గబగబా దాటబోయేవాణ్ణి.
సరిగ్గా అక్కడే ఆపేది ఆమె.
అరవై ఒకటో పేజీలో
పొద్దున నేను మెట్ల మీద అన్నదానికి
అచ్చంగా ఎదురుమాట రాసి ఉంది.
గొంతు దానంతటదే తగ్గింది.
కింద ఆవు నెమరేస్తున్న చప్పుడు.
నవ్వుతుందేమోనని చూశాను.
"ఈయనా పొద్దున్నొకటి రాత్రొకటి చెప్పే మనిషే" అంది ఆవలిస్తూ.
"దళారుల సంగతి మాత్రం బాగా రాశాడు. అది మళ్లీ చదువు."

మళ్లీ చదివాను. దీపంలో నూనె అయిపోయింది.

తెల్లారి మళ్లీ మెట్లెక్కానా అంటే, ఎక్కాను.
పంతొమ్మిదేళ్లు కదా.
కాకపోతే మాటల మధ్యలో
'అనుకుంటాను' అనేదొకటి ఎక్కణ్ణించో దూరింది.
లియొనిల్డ్‌కు చిరాకేసింది. జ్వరమా అని అడిగింది.

ఆ పుస్తకం ఇప్పుడు నా మందుల షాపులో, బిళ్లల అరల వెనక.
మొదటి నలభై పేజీల అంచు నున్నగా, నా చాకు పని.
తర్వాతవి రంపపు పళ్లలా,
ఒక మడతలో నల్లరొట్టె పొడి.
చివరి పదహారు పేజీలు ఇంకా కోయలేదు.
కత్తి లేక కాదు.