గీత నల్లబడే దాకా

పూర్ణా మార్కెట్ వెనక
ఎండుచేపల వాసనా మల్లెల వాసనా
ఒకే మెట్లెక్కి వచ్చే మేడ మీద మా క్లినిక్.
ముందు గదిలో నవ్వుతున్న పళ్ల బొమ్మలు.
వెనక గది నాది.
రెండు సింకులు, ఒక కిటికీ, ఒక ఆటోక్లేవు.

కుడి సింకు మైలది. ఎడమది మడిది.
మా అమ్మకి మడి లేదు,
మడి కట్టుకున్నవాళ్ల గిన్నెలు తోమిన చేతులావిడవి.
గుమ్మం దాకానే వెళ్లి, తోమి, బోర్లించి వచ్చేది.
నా మడి వేరు.
ఇది ఇంటిపేరు అడగదు.
ఎవరి నోట్లోంచి వచ్చినా మైలే,
డాక్టరుగారి సొంత కూతురి నోట్లోంచైనా.

మందపాటి గ్లవుసులు మోచేతి దాకా తొడిగి
నీళ్లలో ముంచే రుద్దుతాను, మొహం మీదికి తుంపర లేవకుండా.
పటకారు కీలులో నక్కిన నెత్తురు కంటికి ఆనదు.
దాన్ని పళ్లు తోముకునే బ్రష్షుతోనే వెతుకుతాను,
నవ్వకండి.
సముద్రం ఈ కిటికీకి కనబడదు గానీ
ఇనుముకి తెలుసు.
స్టీలే కదా అని తడిగా వదిలేస్తే
తెల్లారేసరికి కీలు దగ్గర ఎర్రటి చుక్క.

మొన్న గురువారం సాయంత్రం
గరికిన కొర్లయ్య వచ్చాడు,
దవడ ఒక పక్క కొబ్బరిబోండమంత.
రాత్రి రెండింటికి బోటు. ఇరవై రోజుల వేట.
పన్ను పీకే సెట్టు ఒక్కటే మిగిలింది, అది లోపలుంది.
నూట ఇరవై ఒక్క డిగ్రీలు, పదిహేను నిమిషాలు.
పదకొండో నిమిషంలో కరెంటు పోయింది.
ఇన్వర్టరు లైట్లకి సరిపోతుంది,
దీని ఆకలికి చాలదు.

వచ్చాక, మళ్లీ సున్నా నించి.

కొత్తగా చేరిన చిన్న డాక్టరు తల లోపలికి పెట్టి
"పదకొండు అయ్యాయి కదా, స్పిరిటుతో తుడిచి ఇచ్చెయ్,
ఎవరు చూడొచ్చారు?" అన్నాడు.
ఎవరూ చూడనిదాన్ని చూడ్డమే
నా జీతం, బాబూ.
పైకి అనలేదు. బటన్ నొక్కాను.

గుమ్మం దగ్గరికొచ్చి కొర్లయ్య,
"ఏటమ్మా, ఇంకా ఉడకలేదేటి?"
అన్నమైతే ఒక్క మెతుకు పట్టి చూద్దును.
ఇక్కడ పట్టి చూసే మెతుకు
కవరు మీద ఒక గీత.
"ఇది నల్లబడాల," అన్నాను.
దవడ పట్టుకుని అక్కడే స్టూలు మీద కూలబడ్డాడు,
ఐసు పెట్టె ముందు కాపలా కూర్చున్నట్టు.

నాలుగేళ్ల కిందట ఓ సూది
మూత పెట్టబోతుంటే నా బొటనవేలిలో దిగింది.
ఆర్నెల్లలో మూడుసార్లు కేజీహెచ్‌లో నెత్తురిచ్చాను.
అక్కర్లేదని తెలిసీ
నా కంచం విడిగా కడుక్కున్నాను,
విడిగా బోర్లించాను.
ఏమీ లేదని కాగితం వచ్చిన రోజు
కంచాల దొంతరలో నా కంచం పెడుతుంటే
చెయ్యి వణికింది.
అమ్మ చూసింది. ఏమీ అడగలేదు.
ఆవిడకి బోర్లించడం తెలుసు.

గీత నల్లబడింది. ఆవిరి దిగింది.
కవరు ఆరేదాకా ఇంకో పావుగంట,
అప్పటికి కొర్లయ్య నన్ను తిట్టడం కూడా మానేశాడు.
పెద్ద డాక్టరుగారు అతని కళ్ల ముందే కవరు చింపారు.
పన్ను వచ్చేసింది, ఓ మూలుగు, ఓ బూతు.

వెళ్తూ వెళ్తూ ఖాళీ కవరు అడిగి తీసుకున్నాడు.
ఎందుకో చెప్పలేదు.
దూది కొరుకుతూ మెట్లు దిగాడు.

పటకారు కుడి సింకులోకి తిరిగొచ్చింది.
రిజిస్టరులో రాశాను:
'కరెంటు పోయింది. మొదట్నించి పెట్టాను. గీత నలుపు.
— ఇజ్జాడ సన్యాసమ్మ.'
పక్క గడిలో డాక్టరు సంతకం
ఇంకా పడలేదు.