తోకల లెక్క

పది తోకలు ఒక కట్ట.
అరటినారతో ముడేసి మానికల పోలయ్య
నా బల్ల మీద పెడతాడు,
తమలపాకుల కట్ట పెట్టినంత మర్యాదగా.
నేను రిజిస్టరు తీస్తాను.
మొదటి గడి తేదీ. రెండోది కార్డు నంబరు.
మూడో గడి దగ్గర రోజూ ఇద్దరం ఆగిపోతాం:
పట్టిన చోటు.

"దూడ మునిగిన కాలవ తట్టున మేడమ్మా,
రెండు తాటిచెట్లు ఎడమొహం పెడమొహంగా ఉండాయే, ఆడ.
ఇంకో మూడు సుబ్బరత్నమ్మ కయ్యలో,
మొగుడి మీద కోపంతో ఆమె సంగటిగిన్నె ఇసిరికొట్టిన గెనిమ కింద."

సర్వే నంబరు కావాలి పోలయ్యా,
అక్షాంశం, రేఖాంశం కావాలి.
రూలు నేను పెట్టింది కాదు.
ఈ మాట నేను రోజూ అంటాను,
అతను రోజూ కొత్తగా వింటాడు.

ఒకనాడు ఫోను పట్టుకుని అతని వెంట నడిచాను.
ముదివర్తి దాటాక కయ్యలన్నీ వెన్ను వంచి ఉన్నాయి.
చెప్పులు చేతిలో, మడమల దాకా ఆరీ ఆరని బురద.
ఒక బొరియ ముందు గొంతుక్కూర్చుని
మట్టి చిటికెడు తీసి వాసన చూశాడు:
"ఇది పాతది. కాపురం లేచిపోయింది."
నాలుగడుగుల అవతల: "ఇది తల్లి."
కుండలో వరిగడ్డి రాజేసి ఊదితే
పొగ సగం బొరియలోకి దిగింది,
సగం నా కళ్లలోకి.
పైన ఉపగ్రహం నన్ను వెతుక్కుంటోంది.
తెర మీద నీలం చుక్క ఆ కయ్యా ఈ కయ్యా గంతులేసి
చివరికి కాలవ నడుమ నిలబడింది.
"నీళ్లలో ఎలకలుండవు మేడమ్మా,"
అన్నాడు, నవ్వకుండా.

తవ్వితే లోపల గది.
వెన్ను వెన్నుగా కొరికి పేర్చిన వడ్లు,
మానికెడు ఉంటాయి, అతని ఇంటిపేరుకు తగినట్టు.
అవి ఎవరివని రాయాలో
నా రిజిస్టర్లో గడి లేదు.
దున్నినవాడివా, దాచుకున్నదానివా, పొగ ఊదినవాడివా?
అతను తువ్వాల్లో మూటకట్టుకున్నాడు.
ఆ కాసేపూ నేను కొంగల్ని లెక్కపెట్టాను.

కార్డు రెన్యువల్ నాడు
వేలిముద్రల యంత్రం మూడుసార్లు కాదంది.
బొరియలు తడిమిన వేళ్లు, గీతలు ఎప్పుడో అరిగాయి.
నాలుగోసారి ఎడమ బొటనవేలికి ఒప్పుకుంది.
తర్వాత చిరునామా, డోరు నంబరుతో సహా.
"కాలవ గట్టు మీద, తూము పక్కన."
గుడిసెకు నంబరు లేదు.
తూముకుంది.
అదే రాశాను, పైనుంచి ఎవరూ అడగలేదు.

నెలాఖరుకు మండలం పటం వచ్చింది,
పట్టిన చోట్లన్నీ ఎర్రచుక్కలు.
పోలయ్య చాలాసేపు చూశాడు.
"అమ్మోరు పోసినట్టుండాదే మా ఊరికి."
తూర్పున, మొగిలి పొదల దగ్గర మాత్రం
అరచెయ్యంత తెల్లగా ఉంది.
"ఈ తట్టు ఒక్క చుక్కా లేదే, ఎలకలు లేవా?"
"ఉండాయి."
అంతే. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.
నా చేతిలో పెన్ను ఉంది కాబట్టే చెప్పలేదని
ఇంటికెళ్లి ముఖం కడుక్కుంటుంటే తోచింది.

మర్నాడు పదకొండు తోకలు.
పది కట్టలో, ఒకటి విడిగా.
కట్టకి నల్లబురద అంటుకుని ఉంది.
విడి తోకకు బురద లేదు,
తెల్లటి ఇసక, రోంత మొగిలి వాసన.
నేను తల ఎత్తలేదు, అతను గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు.

పదకొండో వరుస, మూడో గడి,
అంకెలు వేయాల్సిన చోట అక్షరాలతో రాశాను:
దూడ మునిగిన కాలవ.