చాకు వేడి

లొంబార్డ్ వీధిలో వెనక గది. కిటికీ లేదు.
మూడు కొవ్వొత్తులు, ఒక పలచటి చాకు,
రొట్టెముద్దలో అచ్చు తీసి దాచిన
అరవై మంది పెద్దమనుషుల ముద్రలు.
అక్కడే మా దొర ఆంబ్రోస్ థ్రెల్ఫాల్
నాకు ఓనమాలు దిద్దించాడు.
"నెహెమ్యా, లక్కను కరిగించకు.
పక్కలో పసిబిడ్డను
నిద్ర చెడకుండా ఎత్తినట్టు ఎత్తు."

ఉన్ని వర్తకుడి మూడో కొడుకు.
తపాలా గుర్రాల దాణా లెక్కలు రాస్తూ పైకొచ్చాడు.
ఏ మజిలీలో ఏ గుర్రానికి ఏ కాలు కుంటో
అర్ధరాత్రి లేపి అడిగినా చెప్పేవాడు.
తర్వాత పార్లమెంటు సభ్యుడు.
ఊరు పేరుకే ఊరు, ఓటున్నవాళ్లు ముప్పై ఒక్కరు,
వాళ్ల గొంతులో పోసిన బీరు ఏడు పీపాలు.
పదకొండేళ్లు ఆ బల్లమీద కూర్చుని
ఒక్కసారే లేచాడు,
వానాకాలంలో ఓట్స్ ధర గురించి మాట్లాడ్డానికి.
నవ్వారు.
కూర్చున్నాడు.

రాజు తల తెగిన చలికాలం,
ఆ మర్నాడు కూడా ఉత్తరాది సంచి
ఆరు గంటలకే బయల్దేరింది.
ఆఫీసు గోడమీది సింహానికి సున్నం కొట్టించాడు.
ఎంత పలచగా కొట్టించాడో
పదకొండేళ్లకు కొత్త రాజొచ్చాక తెలిసింది.
తడిగుడ్డతో తుడిస్తే సింహం మళ్లీ లేచింది,
తోక దగ్గర కాస్త పెచ్చులూడి.

గోడమీది పిల్లి అన్నారు జనం.
"పిల్లేమిటి, గుర్రం అనండి" అనేవాడు,
"రౌతు మారితే దారి మరిచిపోతుందా?"

తొందర ఉత్తరాల మీద, ఆ రోజుల్లో,
చిన్న ఉరికంబం బొమ్మ గీసేవారు,
దారిలో ఆగిన కుర్రాడికి అదే గతి అని.
నేను చూసినంతలో ఏ కుర్రాడికీ ఉరి పడలేదు.
పడింది ఉత్తరాలు రాసినవాళ్లకు.
మా చాకు వల్ల నలుగురు.
ఐదోవాడి సంగతి నాకు నిశ్చయంగా తెలీదు,
దొరకి తెలుసు.
ఆ వారమంతా ఆయన అన్నపానాలు ముట్టలేదు.
పంటి నొప్పి అన్నాడు. నిజంగా దవడ వాచింది కూడా.

చివరికి ఆయన్ని పట్టించింది ఏ రహస్యమూ కాదు.
తపాలా గుత్త లెక్కల్లో తొమ్మిది వందల పౌన్ల తేడా.
ఫ్లీట్ జైలుకి నడిచివెళ్లాడు,
చంకలో దిండు పెట్టుకుని.

కూతురు థామసిన్‌కి నారిచ్‌కి రాసే ఉత్తరాలు
నా బల్లమీదికే వచ్చేవి. తెరవమని పై ఆజ్ఞ.
తెరిచాను.
రెండో ఉత్తరం మడతలో గోరంత చీటీ:
"పోయినసారి చాకు ఎక్కువ కాల్చావు.
లక్క అంచు గోధుమరంగు తిరిగి ఉంటుంది.
మా అమ్మాయి కళ్లు చురుకు.
ముందు నీ పెదవికి తాకించి చూసుకో,
భరించగలిగితే అదే వేడి."
నా చెవులు ఎర్రబడ్డాయి.
చీటీ కాల్చేశాను. మాట కాల్చలేకపోయాను.

మాఘమాసం లాంటి చలిలో, మంచం లేని గదిలో పోయాడు.
నాలుగు రోజులకి నారిచ్ నుంచి సంచి వచ్చింది,
అందులో ఆయన పేరుతో ఒక ఉత్తరం.
అందుకున్నవాడే డబ్బు కట్టాలి కదా,
మూడు పెన్నీలు బాకీ.
నా జేబులోంచి పెట్టెలో వేశాను.

తలుపు గడియ పెట్టుకున్నాను.
చాకు పెదవికి తాకించాను.
భరించగలిగాను.

మేజోళ్లు అందాయా అని అడిగింది అమ్మాయి.
ఎడమకాలిది కాస్త బిగుతు కావచ్చు,
ఊలు సరిపోలేదట.

మళ్లీ మడిచి అంటించాను.
కొవ్వొత్తి దగ్గర పెట్టి అటూ ఇటూ తిప్పాను.
లక్క మీద గీత లేదు, మరక లేదు,
అంచు ఎక్కడా రంగు మారలేదు.
ఇరవై ఏళ్లలో ఇంత బాగా ఎప్పుడూ రాలేదు.

చూపిద్దామని
లేచి తలుపు దాకా వెళ్లాను.