డెర్బీషైర్ మెడ

మందుల షాపులో పదకొండేళ్ళుగా
నేనే చెబుతూ వచ్చాను అందరికీ:
పరగడుపున వేసుకోండి, మంచినీళ్ళతోనే,
అరగంట దాకా టీ ముట్టకండి.
చెప్పీ చెప్పీ ఆ మాట నోట్లో అరిగిపోయింది.
చెబుతున్న గొంతే బొంగురుపోతోందని
నాకు వినపడలేదు.

మ్యాట్లాక్‌లో జూన్ నెల.
కౌంటర్‌కి అటువైపు పొట్టి చేతుల చొక్కాలు,
ఇటువైపు నేను, రెండు స్వెట్టర్లు.
"పేరుకి తగ్గట్టే ఉన్నావు హైమా" అన్నాడు మా ఆయన.
మంచుకొండ కూతురి పేరు ఏరికోరి పెట్టిన నాయనమ్మని తలుచుకుని
నవ్వొచ్చింది.
నవ్వు మొహం దాకా చేరేసరికి
ఆయన గదిలోంచి వెళ్ళిపోయాడు.

అప్పట్లో అన్నీ అంతే.
దువ్వెన నిండా జుట్టు. కనుబొమల చివరలు మాయం.
మెట్లెక్కుతుంటే మోకాళ్ళలో ఎవరో ఇసుక పోస్తున్నట్టు.
బద్ధకం అన్నాను. వయసు అన్నాను.
ఈ దేశపు మబ్బు అన్నాను.
రక్తం తీసిన పిల్ల ఏమీ అనలేదు.
వారానికి అంకె వచ్చింది: నలభై ఏడు.

నాలుగు దాటకూడదు. తెలుసు నాకు.
తెలిసినదాన్నే కదా.
తల అడుగున శనగగింజంత గ్రంథి
కింద గొంతు తలుపు కొడుతూనే ఉంటుంది,
లేవమ్మా, కుంపటి విసురు, ఒళ్ళు చల్లారిపోతోంది.
లోపల్నించి పలుకు లేదు.
పలకనికొద్దీ గట్టిగా కొడుతుంది.
నలభై ఏడంటే
అరచెయ్యి వాచేలా కొట్టిన చప్పుడు.

సీతాకోకచిలుకలా ఉంటుందంటారు దాన్ని, బొమ్మలో.
నాకు మాత్రం గొళ్ళెంలా కనపడింది.

గురువారాలు డొరీన్ ఆల్సప్ వస్తుంది, ఎనభై ఆరేళ్ళు.
నా చీటీ నేనే కట్టుకుంటుంటే చూసి
సంచిలోంచి ఫోటో తీసింది:
వాళ్ళ అమ్మమ్మ, చర్చి మెట్ల మీద,
మెడ చుట్టూ వెడల్పాటి నల్ల మఖమలు పట్టీ.
"పట్టీ కింద గుమ్మడికాయ" అంది డొరీన్.
"డెర్బీషైర్ మెడ అనేవాళ్ళు.
ఈ వీధిలోనే ఆరుగురికి ఉండేదట.
కొందరి పిల్లలకి మాటలు రాలేదు."
కొంచెం ఆగి, "వాళ్ళ ఫోటోలు లేవు" అంది.

సున్నపురాయి కొండలు ఇవి.
ఎన్ని వేల ఏళ్ళ వానలో
మట్టిలోని అయొడిన్ కడిగి సముద్రానికి మోసుకుపోయాయి.
చాలాకాలానికి ఆవుల దాణాలో, పాలల్లో
కొంచెం కొంచెంగా తిరిగొచ్చింది.

ఆ రాత్రి ఉప్పు డబ్బా దీపం కిందికి తెచ్చి చదివాను.
అయొడిన్ అన్న మాటే లేదు.
ఎవరి ఉప్పు తిన్నాను ఇన్నాళ్ళూ
అని కోపం తెచ్చుకున్నాను, సుఖంగా,
నింద మోపడానికి ఏదో ఒకటి దొరికిందని.

అదీ నిలవనివ్వలేదు డాక్టర్ పిక్‌ఫోర్డ్.
"ఉప్పు కాదమ్మా. మీ కాపలావాళ్ళే" అన్నాడు.
బయటి దొంగలెవరూ రాలేదు.
కంచే చేను మేసింది,
పొద్దూ మాపూ, నేను నిద్రపోతుండగా,
నా నెత్తురు తాగి పెరిగిన కంచె.

ఇప్పుడు ఐదూ నలభైకి లేస్తాను.
డెబ్బై అయిదు మైక్రోగ్రాములు.
ఉప్పురవ్వ ముందు అది నలుసు.
ఆ నలుసు మీద నడుస్తోంది నా గుండె, నా పేగు,
నా లెక్క, నా విసుగు కూడా.
డికాక్షన్ బొట్టు బొట్టుగా దిగుతుంటుంది.
వాసన పీలుస్తూ అరగంట కూచుంటాను.
ఇంతమందిని కూచోబెట్టాను కదా, అనుభవించు.

సెప్టెంబరులో ఒక మంగళవారం
ఒక స్వెట్టరు విప్పి కుర్చీ మీద వేశాను.
ఎవరూ చూడలేదు.

మొన్న ఒక కుర్రపిల్ల వచ్చింది,
చేతిలో మొదటి చీటీ, నెత్తి మీద ఉన్ని టోపీ.
పరగడుపున, అని మొదలుపెట్టి
ఆగిపోయాను.
"బాగా చలేస్తోందా?" అన్నాను.
కళ్ళెత్తి నా మెడ వైపు చూసింది.