మేకల పక్షం

కోటిపల్లి రేవు దాటే పంటు చెక్క మీద
బొగ్గుతో గీసిన పులిజూదం.
గవర్రాజెప్పుడూ మేకలే అడిగేవాడు.
మూడు గచ్చకాయలు నావి,
పదిహేను చింతగింజలు అతనివి.

ముప్పయ్యేళ్ళు, అంతర్వేది తీర్థం నుంచి
అంబాజీపేట సంత దాకా
ఆ గింజలే కూడు పెట్టాయి.
పందెం కాసినవాళ్ళకి మాత్రం అతని ఆట విసుగు.
ఉరకడు, బెదిరించడు.
ఒక గింజ పెట్టి, బీడీ ఆరిపోయేదాకా
నీళ్ళకేసి చూస్తాడు.
మరో గింజ.

"లంక పుట్టడం ఎవడైనా చూశాడ్రా?
ముందు ఇసక, తర్వాత రెల్లు,
ఓ పొద్దున్న నీ పడవ కదలదు."

మొదటి రెండు మేకలూ ఊరికే ఇచ్చేసేవాడు.
తిన్నానన్న మురిపెంలో నా పులి మూలకి పోయేది.
తేరి చూస్తే
నాలుగు దిక్కులా గింజలే.

రెండో కన్నూ మసకేసిన ఏడు
గళ్ళు తడుముకుంటూ ఆడాడు.
ఆఖరాటలో, పద్నాలుగో గింజ దగ్గర
చెయ్యి కాసేపు గాల్లో ఆగింది.
ఒక దారి వదిలేశాడు.
మరిచాడో, కావాలనో.

దాటితే గెలుపే.
అవతల ఏం పూడుతోందో అని
గచ్చకాయ మీద వేలుంచి కూచున్నాను,
పంటు ముక్తేశ్వరం ఒడ్డుకి తగిలి
గింజలన్నీ చెదిరిపోయేదాకా.