అద్దె లెన్సు

డే అండ్ నైట్ జంక్షన్‌లో రోజుకి ఆరొందలు.
ఎనభై అయిదు మిల్లీమీటర్లు.
ముందు గాజు మీద సన్నటి గీత ఒకటుందని
చీటీ మీద సంతకం పెట్టించుకున్నాకే
చేతిలో పెట్టాడు షాపతను.

కళింగపట్నం చేరేసరికి ఎండ ఇంకా మెత్తబడలేదు.
లైట్‌హౌస్ నీడలో కారు దిగిన పిల్ల
నన్ను పక్కకి పిలిచి, గొంతు తగ్గించి
"నా ముక్కు కొంచెం సూసుకోండన్నా" అంది
కొట్లో తూకం సరిచూడమన్నట్టు.

పేరు ఢిల్లేశ్వరి. రిమ్స్‌లో నర్సు.
నిశ్చితార్థమై పదకొండు రోజులు.
అబ్బాయి లోకనాథం, లైన్‌మన్.
ఫొటోల కోసమని కొన్న తెల్లబూట్లలోకి
ఇసక పోతోందని తప్ప మరో మాట లేదు.

ముక్కు సంగతి నాకు తెలుసు.
అది ముక్కు తప్పు కాదు, మనం నిలబడ్డ చోటు తప్పు.
వెడల్పు లెన్సుతో మీదికెళ్ళి చూస్తే
ఎవరి ముక్కయినా ముఖం కన్నా ముందే బయల్దేరుతుంది,
చెవులు పిలవని చుట్టాల్లా వెనక నిలబడిపోతాయి.
ఇరవై అడుగులు వెనక్కి నడవాలి.
అప్పుడు ముఖంలో ఎవరి వాటా వాళ్ళకొస్తుంది.
నడిచాను. మడమలు అలలో తడిశాయి.

వాళ్ళిద్దరి మధ్య ఇంకో మనిషి పట్టేంత ఖాళీ.
దగ్గరకి రమ్మంటే
చూపులు మాత్రం జరిగాయి, కాళ్ళు జరగలేదు.
సరే, ఆమెను ముందు పెట్టి
అతన్ని మూడడుగులు వెనక నిలబెట్టాను.
పొందూరు సన్నఖద్దరు మడతపెట్టినట్టు
లెన్సు ఆ ఖాళీని మడతపెట్టేసింది.
తెర మీద అతని గడ్డం ఆమె భుజానికి ఆనింది,
లైట్‌హౌస్ కూడా లేచొచ్చి చెవి దగ్గర నిలబడింది.
ఇసకలో మాత్రం మూడడుగులు మూడడుగులే.

అతను కుడిచెయ్యి జేబులోంచి తియ్యడం లేదు.
"బయటపెట్టండి బావూ" అన్నాను.
పెట్టాడు. బొటనవేలి నుంచి మణికట్టు దాకా
కాలి, ముడుచుకుని, చింతపిక్కలా మెరుస్తున్న చర్మం.
దానికీ ఓ దారుంది.
ఎపర్చర్ బాగా తెరిస్తే కళ్ళు నిలుస్తాయి,
మిగతాదంతా పొగమంచు.
తెరిచాను. చెయ్యి పోయింది.
ఫొటో బాగుంది. ఆ పూట తీసినవన్నీ బాగున్నాయి.

బ్యాటరీ అయిపోయింది.
సంచిలో రెండో కెమెరా, దానికి నా పాత ముప్ఫై అయిదు,
వానాకాలాలు తాగి బూజుపట్టిన సొంత గాజు.
తల ఎత్తేసరికి
ఆమె అతని చెయ్యి లాక్కుని వెలుగులోకి తిప్పుతోంది,
పెళ్ళికూతురిలా కాదు, డ్యూటీలో ఉన్నట్టు.

"ఎప్పుడిది?"
"తిత్లీ అప్పుడు. పలాస అవతల. స్తంభాలన్నీ పడిపోతే..."
"ఏటి రాసారు?"
"ఏదో ఆయింట్‌మెంటు."
"ఏదో అంటే ఏటి? వేలు ఒంచండి. నొప్పా?"
"లేదండి."
"అబద్దం."

రెండడుగుల దూరంలోకి ఎప్పుడెళ్ళానో నాకే తెలీదు.
ముక్కు ముఖం కన్నా ముందుంది.
కనుబొమల మధ్య నిలువుగీత.
ఫ్రేములో సగం ఆ చెయ్యే, విస్తరంత వెడల్పుగా.
ఇద్దరి నోళ్ళూ మాట మధ్యలో తెరుచుకునున్నాయి.
నొక్కాను. ఒక్కటే.

నరసన్నపేట కల్యాణమండపం ముందు ఫ్లెక్సీకి
వాళ్ళమ్మ ఎనభై అయిదుదే ఎంచుకుంది.
"మా గుంట ఇలాగుంటాదా బావూ!" అని
తెర మీది ముక్కుని వేలితో తుడిచి చూసింది.
ఉంటుందమ్మా, అన్నాను.
ఇరవై అడుగుల అవతల్నించి, అనలేదు.

ఆ ఒక్కటీ ఇంకా నా దగ్గరే ఉంది,
ఏ ఫోల్డరులో వెయ్యాలో తెలీక.

లెన్సు తిరిగిచ్చేస్తే
షాపతను ట్యూబ్‌లైటు కింద కంటికి ఆనించి తిప్పాడు,
పాత గీత కాక కొత్తదేమన్నా పడిందా అని.
ఒక ఇసకరేణువు దొరికింది.
నోటితో ఊదేశాడు.