పెడచెవి

నరీన్ ఊళ్ళో ఫిబ్రవరి రాత్రి, సున్నాకి ఇరవై ఎనిమిది కింద.
బొగ్గు పొయ్యి సగం రాజుకుని సగం అలిగింది.
పదకొండు భవనాలకి ఇంటర్నెట్ పంచే పెట్టె ఒకటే,
నా మోకాలి పక్కన పిల్లిలా గుర్రుమంటూ.

జోల్దోష్ బైకే దాన్ని నాకప్పగించి
తేనెపెట్టెల దగ్గరికి వెళ్ళిపోయి రెండేళ్ళు.
నేర్పింది తక్కువే:
“కర్నెల్ లోపల కణుపులుంటాయి. కణుపుకి కొక్కేలుంటాయి.
కొక్కేనికి కొక్కెం తగిలిస్తే దారి. ఊడదీస్తే గోడ.
పేరు చివర రెండు చుక్కలు మరిచిపోకు.
చుక్కల్లేకుండా పిలిస్తే పలకదు,
మర్యాద తప్పితే పలకని మా అత్తలాగా.”

నాలుగో భవనం, మూడో అంతస్తు. బొమ్మలు ఆగి ఆగి వస్తున్నాయట,
మనవడు అన్నం తినడం లేదట.
ఎన్‌జీసీటీఎల్ తెరిచాను. ఒక ప్లస్ గుర్తు వచ్చింది, అంతే,
ఎవరో కూడిక మొదలెట్టి మధ్యలో లేచి వెళ్ళినట్టు.
లిస్ట్ అన్నాను.
వంతెనలు, సాకెట్లు, బైకే పెట్టిన పేర్లు:
పెద్దబావ, కుంటిగుర్రం, సోమవారం.
వాటి నడుమ పేరు లేనిది ఒకటి.
చదరపు బ్రాకెట్లలో ఉత్త అంకె. రకం: టీ.

టీ అంటే తెలుసు నాకు.
ఎడమ నుంచి వచ్చింది కుడికి పంపుతుంది, కుడిది ఎడమకి,
పంపుతూ పంపుతూ ఒక్కో నకలు పక్కకి జారవిడుస్తుంది.
ఇంట్లోవాళ్ళకి తెలియదు. వేగం కూడా తగ్గదు.
గోడకి చెవి మొలిపించే పని ఇంత చిన్నది, ఒక్క వరుస.

ఆ ఇంట్లో అప్పట్లో ఉన్నది కంచాయిమ్ ఎజే,
భూగోళం పంతులమ్మ.
పచ్చికబయళ్ళు ఎవరెవరి పేర రాయించుకున్నారో
గొర్రెలకాపరుల తరఫున రాత్రంతా ఉత్తరాలు రాసేది.
ఏడాదికోసారి పై ఆఫీసు నుంచి తోలు చేతితొడుగుల మనిషి వచ్చేవాడని
ఊడ్చే ముసలాయన అంటుండేవాడు;
తెర మీద ఏదో ఉందో లేదో చూసి, సంతకం పెట్టి,
టీ తాగకుండా పోయేవాడని.

నా గొంతులో బైకే మీద బూతు ఒకటి తయారవుతోంది.
అతని రొట్టె తిన్నాను. అతని కుర్చీలో కూర్చున్నాను.

షో అన్నాను. కొక్కేలు నాలుగూ వరుసగా.
నకళ్ళు మోసే రెండూ ఒకే కణుపుకి వెళ్తున్నాయి.
ఆ కణుపు రకం: హోల్.

మళ్ళీ చదివాను. హోల్.
ఏది పోసినా మింగి, మారు పలకని గొయ్యి.
ఎంత తాగావని అడిగాను. అది లెక్క మాత్రం ఉంచుకుంటుంది.
నలభై ఒక్క కోట్ల ప్యాకెట్లు.
ఎజే ఉత్తరాలు, తిట్లు, అట్లాసులు, చెల్లెలితో అర్ధరాత్రి నవ్వులు,
ఒక్కటీ ఎవరి చెవినీ పడలేదు.
పెట్టమన్నారు, చెవి పెట్టాడు.
పెడచెవి పెట్టాడు.

ఫోన్ చేశాను. నిద్రగొంతు, వెనకాల కుక్క.
“ఆ అంకె ఉంది చూడు, దానికి పేరెందుకు పెట్టలేదు బైకే?”
చాలాసేపు ఏమీ అనలేదు.
“పేరు పెడితే ఎప్పుడో పిలవాలనిపిస్తుంది,” అన్నాడు.
తరవాత ఈసారి తేనె పలచగా వచ్చిందన్నాడు.

ఎజే చనిపోయింది నిరుడు, గుండెపోటుతో,
ఈ కథకి సంబంధం లేకుండా.
చేతితొడుగుల మనిషికి బదిలీ అయిందట.

షట్‌డౌన్ కొట్టి, ఎంటర్ నొక్కే ముందు ఆగాను:
తీగ తెగితే పిల్లాడి బొమ్మలు ఆగిపోతాయని భయం.
కానీ టీకి ఒక మంచి గుణముంది.
పొమ్మంటే ఊరికే పోదు,
ఎడమ చేయి పట్టి కుడి చేతిలో పెట్టి పోతుంది.
నొక్కాను. ఒక్క ప్యాకెట్ తూలలేదు.
మళ్ళీ లిస్ట్ అంటే గొయ్యి కూడా లేదు,
పోసేవాళ్ళు లేక తనంతట పూడుకుంది.

బొమ్మలు మాత్రం అలాగే ఆగి ఆగి వస్తున్నాయి.
తెల్లారి నిచ్చెనేసుకుని డాబా ఎక్కితే
తీగ అతుకులో మంచు, బొటనవేలంత.
ఊపిరితో కరిగించాను.